నీళ్ళయొద్ద ఇల్లు

పాఠ్యభాగములు: ఆదికాండము 2:8-15, ప్రసంగి 2:4-11, యెహెజ్కేలు 34:17-19, కీర్తన 104:10-18.



నీళ్ళయొద్ద ఒక ఇల్లు. పెరటిలో బీర, ఆనప, చిక్కుడు పాదులు. గట్టువెంట మామిడి, జామ, మునగ చెట్లు. తెల్లవారక మునుపే కొమ్మలమీద పక్షుల కిలకిలలు. ఇట్టి నివాసమును కోరనివారు మనలో ఎవరున్నారు? ఎండకాలములో రెండు బిందెల నీళ్ళకొరకు దూరము నడచిన తల్లులకు ఈ కోరిక ఎంత లోతైనదో మేము చెప్పనక్కరలేదు.

ఈ కోరిక పాపము కాదు. పరిశుద్ధ గ్రంథము తెరువగానే మనకు కనబడు మొదటి నివాసము ఇట్టిదే. ఏదెనులో తోట వేసినవాడు దేవుడే. ఆ తోటను తడుపుటకు నది ఉండెను. చూపునకు రమ్యమైన చెట్లును, ఆహారమునకు మంచి చెట్లును అక్కడ మొలిచెను. జంతువులును పక్షులును ఆదాముయొద్దకు తేబడగా, అతడు వాటికి పేర్లు పెట్టెను. కాబట్టి నీరు, తోట, జీవరాసులు, వాటి నడుమ మనుష్యుడు: ఇది మొదటినుండి దేవుని ఏర్పాటు.

అయితే ఆ తోటలో మనుష్యుని ఉంచినప్పుడు దేవుడు అతనికి రెండు పనులు అప్పగించెనని 2వ అధ్యాయము 15వ వచనము తెలుపుచున్నది. ఒకటి సేద్యపరచుట. రెండవది కాచుట. ఈ రెండును వేరు వేరు పనులు. సేద్యము చేయువాడు నేలనుండి తీసికొనును. కాపుకాయువాడు నేలను, నీటిని, అందులోని ప్రాణులను చెడకుండ నిలుపును. మనము మొదటి పనిని బాగుగా నేర్చుకొంటిమి. రెండవదానిని మరచితిమి. ఈ మాసపు పాఠములో ఆ మరచిన పనిని గూర్చి ధ్యానింతము.

1. గోడలోపలి తోట, గోడబయటి చెరువు

మన గ్రామములనుండి అనేక కుటుంబములు బ్రతుకుతెరువుకై హైదరాబాదు పోవుచున్నవి. కొందరు కట్టడపు పనిలోను, కొందరు ఇంటిపనిలోను, కొందరు తోటమాలులుగాను ఉన్నారు. అట్టి ఒక సహోదరుని చూచుటకు మేము ఒకమారు జూబిలీహిల్సు వెళ్లితిమి. ఆ కొండలు ఒకప్పుడు రాళ్ళును ముళ్ళపొదలును నిండిన గుట్టలు. 1960ల దశకములో చల్లగాళ్ల నరసింహారావు గారి పూనికతో సహకార గృహనిర్మాణ సంఘమువారు అక్కడ ఇండ్లస్థలములు ఏర్పాటుచేసిరి. తరువాత తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి క్రమముగా తరలివచ్చి, ప్రక్కనే ఫిల్మ్‌నగర్ వెలసెను. నేడు ఆ ప్రాంతములో నేల ఖరీదు మనబోటివారు లెక్కించలేనిది.

మన సహోదరుడు పనిచేయు ఇల్లు దుర్గం చెరువువైపు చూచుచున్నది. ఆ తోటను చూచి మేము ఆశ్చర్యపడితిమి. బండమీద మట్టిపోసి పెంచిన మామిడి, సపోటా, దానిమ్మ. వరుసగా కరివేపాకు, నిమ్మ. ఒక మూల ఆకుకూరల మళ్ళు. లకుముకి పిట్ట వచ్చి గోడమీద వాలెను. అతని చేతిపనిని మెచ్చుకొంటిమి. అతడు మాత్రము సంతోషింపక గోడ అవతలికి చేయి చూపి, "లోపల తోటను నేను చూసుకుంట అయ్యగారూ, బయట చెరువును ఎవరు చూసుకుంటరు?" అనెను.

ఆ ప్రశ్న మా మనస్సులో నాటుకొనెను. దుర్గం చెరువు సామాన్యమైన చెరువు కాదు. కుతుబ్‌షాహీల కాలములో గోల్కొండ కోటకు త్రాగునీరు ఇచ్చిన చెరువు అది. కొండల నడుమ దాగి ఉండుటచేత దానికి రహస్య సరస్సు అను పేరుకూడ కలిగెను. చుట్టును ఇండ్లు, కార్యాలయములు పెరిగినకొలది మురుగునీరు దానిలోనికి చేరెను. గుర్రపుడెక్క దానిని కప్పెను. కోటకు దాహము తీర్చిన నీరు ముక్కు మూసికొని దాటవలసిన నీరాయెను. తరువాత దానిని బాగుచేయుటకు ఎంతో ప్రయాసపడిరి. గట్టున నడకదారి వేసిరి. 2020 సెప్టెంబరులో దానిమీద తీగల వంతెనను ప్రారంభించిరి. రాత్రివేళ ఆ వంతెన దీపములను చూచుటకు జనులు గుంపులుగా వచ్చుచున్నారు. మంచిదే. అయితే చెడిన నీటిని తిరిగి బాగుచేయుట ఎంత కష్టమో, ఎంత ధనముతో కూడినదో ఆ చెరువే సాక్షి.

ఫిల్మ్‌నగరు దాపున ఉన్నది గనుక మరియొక మాట. సినిమాలో ఒక పాటకొరకు రెండుమూడు దినములలో తోట సిద్ధము చేయుదురు. కాగితపు పువ్వులు కట్టుదురు, గొట్టముతో నీరు పారించుదురు, అట్టముక్కలతో ఇల్లు నిలుపుదురు. తెరమీద అది ఏదెనువలె కనబడును. పాట ముగిసిన మరునాడు అంతయు విప్పివేయుదురు. దానిలో తప్పులేదు; అది వారి వృత్తి. అయితే ఆ తోటలో ఏ పిట్టయు గూడు కట్టదు. ఎందుకనగా ఆ చెట్టుకు వేరు లేదు. చుట్టును ఉన్న నీటిని చెరిపి, తన గోడలోపల మాత్రము పచ్చగా ఉంచుకొను ఇల్లు అట్టి సెట్టింగువంటిదే. కొంతకాలము కనబడును. దానికి వేరు లేదు.

2. నాకొరకు అని నాటినవాడు

ప్రసంగి 2వ అధ్యాయములో ఒక రాజు తన పనులను లెక్కించుచున్నాడు. ఇండ్లు కట్టించెను, ద్రాక్షతోటలు వేయించెను, సకలవిధములైన ఫలవృక్షములు నాటించెను, ఆ చెట్లను తడుపుటకు చెరువులు త్రవ్వించెను. మనము కోరు నివాసములో అతనికి కొదువైనదేదియు లేదు. ఈ వచనములను నెమ్మదిగా చదివినయెడల ఒక చిన్నమాట మరల మరల కనబడును. ప్రతి పనియు "నాకు" అని, "నాకొరకు" అని అతడు చెప్పుచున్నాడు. చివరకు 11వ వచనములో అతడు తిరిగిచూడగా అంతయు గాలిని పట్టుకొనుటవలె ఉండెను. తోట చెడ్డది కాదు. "నాకొరకు" అనుటచేత అతని చేయి ఖాళీ అయెను.

ఈ సంగతిని జూబిలీహిల్సులోనే కన్నులార చూడవచ్చును. అక్కడ కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనము ఉన్నది. 350 ఎకరములకు పైబడిన ఆ అడవి నగరము నడిబొడ్డున నిలిచియున్నది. అందులో నెమళ్ళు, కముజు పిట్టలు, తీతువులు, ముళ్ళపందులు, అడవిపిల్లులు, పునుగుపిల్లులు కలవు. ఆ అడవిలోనే చిరాన్ ప్యాలెస్ అను భవనమున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో మృతినొందగా, వారసుడైన మనుమడు ముకర్రం జాకు చెందిన నివాసములలో ఇది ఒకటి. ఆయన 1970ల దశకములో ఆస్ట్రేలియాకు పోయి, మర్చిసన్ నదియొద్ద లక్షల ఎకరముల గొఱ్ఱెల మేతభూమిని కొని, అక్కడ కాపురముండెను. అదియు ఆయన చేతిలో నిలువలేదు. తుదకు టర్కీ దేశము చేరి, 2023 జనవరి 14న ఇస్తాంబులులో మృతినొందెను. దేహమును హైదరాబాదునకు తెచ్చి మక్కా మసీదు ఆవరణములో సమాధిచేసిరి.

ఆయనను నిందించుటకు దీనిని వ్రాయుటలేదు. రాజులకు రాజైనవానికిని మనకును తుదకు కావలసిన నేల ఆరడుగులే. అయితే మనము గమనింపవలసినది మరియొకటి ఉన్నది. ఆ అడవి 1998లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడెను. నేడు గుమాస్తా, డ్రైవరు, పింఛనుదారుడు, పెద్ద అధికారి ఒకే దారిని ప్రాతఃకాలమున నడచుచున్నారు. నెమలి ఎవరి ఆస్తియని అడుగక వారి యెదుట దాటిపోవుచున్నది. ఒకరికొరకైన నేల అందరికొరకు కాపాడబడినప్పుడు నిలిచినది. ఇళ్ళస్థలములుగా ముక్కలు చేసి అమ్మియుంటే ఆ నెమళ్ళు ఏ గోడమీద గూడు కట్టియుండును?

3. మిగిలిన నీటిని కాళ్ళతో త్రొక్కుట

యెహెజ్కేలు 34వ అధ్యాయము చెడ్డ కాపరులను గూర్చినదని మనమెరుగుదుము. అయితే 17వ వచనమునుండి ప్రవక్త కాపరులను విడిచి గొఱ్ఱెలవైపే తిరుగుచున్నాడు. బలిసిన గొఱ్ఱెలు మంచి మేత మేసి, మిగిలినదానిని త్రొక్కుచున్నవి. తేటనీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్ళతో కలతపెట్టుచున్నవి. బక్కచిక్కినవి ఆ బురదనీటినే త్రాగవలసి వచ్చుచున్నది. గమనించుడి: ఇక్కడ నేరము నీరు త్రాగుట కాదు. త్రాగిన తరువాత మిగిలినవారికి ఏమి వదలితిమి అనునదే ప్రశ్న.

చెరువు సంగతి తెలిసిన రైతులకు ఇది వెంటనే అర్థమగును. వాగునీరు కాలువద్వారా చెరువును చేరును. కట్ట దానిని నిలుపును. తూము పొలములకు విడుచును. నిండినప్పుడు మత్తడి దూకి, ఆ నీరు క్రిందియూరి చెరువునకు పోవును. మన పెద్దలు చెరువులను గొలుసువలె ఈలాగు ఒకదానికొకటి కట్టిరి. ఇక శిఖము, అనగా నీరు పరచుకొను చోటు, ఎండకాలములో ఖాళీగా కనబడును. అది ఖాళీ కాదు. అది రాబోవు వాన కూర్చుండు పీట. నీరు తగ్గినప్పుడు దానిలో దోస, పుచ్చ వేసికొనుట వేరు. మట్టిపోసి ఎత్తుచేసి గోడ కట్టుట వేరు. మొదటివాడు నీటికి దారి యిచ్చును. రెండవవాడు నీటి చోటును దొంగిలించును. దొంగిలింపబడిన నీరు ఊరకుండదు. అది మరియొకని ఇంటిలో కూర్చుండును.

2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన గొప్పవాన మనకు జ్ఞాపకమున్నది. కొన్ని చెరువుల కట్టలు తెగెను. కాలనీలు మునిగెను. ప్రాణనష్టము కలిగెను. నీటి చోట ఇండ్లు కట్టినచోట నీరు తన చోటును వెదకికొనెను. 2024లో ప్రభుత్వము చెరువుల రక్షణకై హైడ్రా అను సంస్థను ఏర్పరచెను. ఆ సంవత్సరమే దుర్గం చెరువు నీటిహద్దులలో ఉన్నవని చెప్పబడిన ఇండ్లకు రెవెన్యూ అధికారులు నోటీసులిచ్చిరి. ఎవరిది న్యాయమో తీర్చుట న్యాయస్థానముల పని. కాని ఒక ధనికుని గోడగాని, ఒక పేదవాని గుడిసెగాని, నీటి చోట లేచినప్పుడు కన్నీళ్ళు ఎవరికో ఒకరికి తప్పవు. ముఖ్యముగా, చౌక స్థలమని మోసపోయి కొన్న పేదవాడు ముందుగా ఏడ్చును. ద్వితీయోపదేశకాండము 19:14లో పొరుగువాని గట్టురాయిని తొలగింపకూడదను ఆజ్ఞ ఉన్నది. నీటికిని గట్టురాయి ఉన్నదని మనము నేర్చుకొనవలెను.

4. పక్షులకు ఇల్లిచ్చిన ఊళ్ళు

కీర్తన 104లో నీటి ఊటలయొద్ద కీర్తనకారుడు ఎవరెవరిని చూచుచున్నాడు? అడవిగాడిదలు దాహము తీర్చుకొనుచున్నవి. పక్షులు కొమ్మల నడుమ కూయుచున్నవి. పశువులకు గడ్డి, మనుష్యునికి ఆహారము మొలుచుచున్నవి. కొంగలకు చెట్లమీద నివాసము, కొండమేకలకు శిఖరములు ఉన్నవి. మనుష్యుడు ఆ వరుసలో ఒకడు. అతడు వరుసకు వెలుపల లేడు.

మన తెలుగుదేశములో ఈ కీర్తనను చూడగోరినవారు సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములోని వీరాపురము పోవచ్చును. అక్కడ ఊరిలోని చింతచెట్లమీదనే ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. క్రింద ఇండ్లు, పశువులపాకలు; పైన కొంగల కాపురము. రెట్ట పడును, వాసన కొట్టును, రాత్రంతయు సద్దు. అయినను ఊరివారు వాటిని తరుమరు. గుంటూరు దాపున ఉప్పలపాడు అను గ్రామములో చెరువులోని తుమ్మచెట్లమీద గూడబాతులు, కొంగలు వేలాదిగా కూడుచున్నవి. అవి ధనికుల ఊళ్ళు కావు. ఉన్న చోటులోనే కొంత పంచుకొనిరి.

మోషే ధర్మశాస్త్రములోను ఇట్టి కనికరము కనబడుచున్నది. త్రోవలో పిట్టగూడు దొరికినయెడల పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదు (ద్వితీ. 22:6-7). పట్టణమును ముట్టడించు యుద్ధకాలమందును ఫలవృక్షములను నరుకరాదు (ద్వితీ. 20:19). ఏడవ సంవత్సరమున బీడుగా విడిచిన నేలలో మొలిచినదానిని బీదలు తినవలెను, వారు మిగిల్చినదానిని అడవిమృగములు తినవలెను (నిర్గమ. 23:11). దేవుని లెక్కలో అడవిమృగమునకును ఒక భాగమున్నది. జామచెట్టు చిటారుకొమ్మన చిలుక కొరికిన పండును చూచి నష్టమని తిట్టువారము, ఆ వచనమును తిరిగి చదువవలెను.

5. మా సంఘములో జరిగినది

ఇంతవరకు పట్టణపువారిని గూర్చి చెప్పితిమి. మన సంగతియు చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామసంఘమునకు ప్రార్థనామందిరము కట్టవలెనని తలంపు కలిగెను. చేతిలో సొమ్ము తక్కువ. చెరువు శిఖములో ఒక ముక్క బహు చౌకగా దొరికెను. గట్టున చల్లనిగాలి, ఎదుట నీళ్ళు, ప్రక్కన చెట్లు. బాప్తిస్మములకుకూడ అనుకూలమని పెద్దలు సంతోషించిరి. మేమును ఒప్పుకొంటిమి. వాగ్దానపు దేశమే దొరికినట్లు ఆ ఆదివారము ప్రసంగముకూడ చేసితిమి. ఇందులో మా తప్పు ఉన్నదని ఒప్పుకొనుచున్నాము.

కూటము ముగిసిన తరువాత, చదువురాని ఒక వృద్ధురాలు లేచి నిలిచి, "గుడి కావాలె అయ్యగారూ, వద్దనను. మరి వానకాలమొస్తే ఆ నీళ్ళెక్కడ కూసుంటయి?" అని అడిగెను. ఎవరును జవాబియ్యలేదు. క్రింది మడికట్లు ఎవరివో అందరికి తెలియును. వాటిలో కొన్ని మన సంఘస్థులవి; ఎక్కువ భాగము ఇతర మతస్థులైన పొరుగువారివి. మేము మట్టిపోసి ఎత్తుచేసినయెడల ఆ నీరు వారి నాట్లలో నిలుచును. దేవుని పేరున గోడ కట్టి, పొరుగువాని పంట ముంచినయెడల, ఆ గోడలోపల పొరుగువానిని ప్రేమించుమని ఏ నోటితో బోధింతుము?

ఆ స్థలమును విడిచితిమి. ఊరిపైన మెరకనేలలో చిన్నముక్కను ఎక్కువ ధరకు కొంటిమి. మందిరము ఇంకను పూర్తికాలేదు, రేకులక్రిందనే ఆరాధించుచున్నాము. కొందరు ఇప్పటికిని చౌకబేరము పోయినదని సణుగుచున్నారు. అయితే మరుసటి యేడు చెరువు నిండినప్పుడు, ఆ విడిచిన ముక్క నడుములోతు నీటిలో ఉండెను. నీటికోళ్ళు పిల్లలతో అక్కడ ఈదుచుండెను. ఆ దినమున పెద్దలతో కలిసి కట్టమీద నిలిచి ప్రార్థించితిమి.

6. మనము చేయదగినవి

మనకు జూబిలీహిల్సులో ఇల్లు లేదు, ఉండకపోవచ్చును. అయినను కాచుపని మనకును అప్పగింపబడినదే. క్రింది సంగతులు ప్రతి ఇంటివారును ఆలోచింతురుగాక.

మొదటిది: స్నానపునీరు, గిన్నెలు కడిగిన నీరు వీధిలోనికి విడువక అరటి, కరివేపాకు, మునగ పాదులకు పారించుడి. దోమయు తగ్గును, కూరయు దొరకును.

రెండవది: పురుగుమందు కొట్టిన డబ్బాలను, స్ప్రేయరును చెరువులోగాని కాలువలోగాని కడుగకుడి. ఆ నీటినే పొరుగువాని గేదె త్రాగును. మీ పిల్లవాడు అందులోనే ఈదును.

మూడవది: ఒండ్రుమట్టి తీయు సమయమున సంఘస్థులు ముందుకు రావలెను. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల ఒండ్రు పొలములకు చేరెను. ఆ మట్టి చేనికి బలము, చెరువుకు లోతు. సర్కారు పని ఉన్నను లేకున్నను కాలువలోని చెత్తను తీయుటకు మన చేతులున్నవి.

నాల్గవది: స్థలము కొనునప్పుడు ధరను మాత్రమే అడుగక, వాననీరు ఎటు పోవునని అడుగుడి. సంఘము కొను స్థలమైనను అంతే.

అయిదవది: గూళ్ళున్న చెట్టును పిల్లలు రెక్కలు వచ్చి ఎగురువరకు నరుకకుడి. పెరటిచెట్టున కొన్ని పండ్లను పక్షులకు విడువుడి. మందిరపు ఆవరణములో వేప, కానుగ, చింత నాటుడి; ఆదివారపు బడి పిల్లలకు ఒక్కొక్క చెట్టును అప్పగించుడి.

ముగింపు

పరిశుద్ధ గ్రంథము తోటతో మొదలై, తోటవంటి పట్టణముతో ముగియుచున్నది. ప్రకటన 22వ అధ్యాయములో దేవుని సింహాసనమునుండి జీవజలముల నది ప్రవహించుచున్నది. దాని ఇరుప్రక్కల జీవవృక్షము ఉన్నది. దాని ఆకులు జనములను స్వస్థపరచుటకై ఉన్నవి. ఆ నది ఒకరి గోడలోపల లేదు. పట్టణపు రాజవీధి నడుమ పారుచున్నది. మన ప్రభువు మనకొరకు సిద్ధపరచుచున్న నివాసము అట్టిది. అక్కడికి పోవువారము ఇక్కడ నీటిని కలతపెట్టువారమై యుండవచ్చునా? తోటమాలియైన మన సహోదరుని ప్రశ్నకు మనమే జవాబియ్యవలెను. గోడ బయటి చెరువును చూచుకొనువారు మనమే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. సేద్యపరచుటకును కాచుటకును భేదమేమి? మన ఇంటిలో ఏది కొరవడియున్నది?
2. మన ఇంటినుండి వెళ్ళు నీరు ఎవరిని చేరుచున్నది? వారు దానిని ఏలాగు పొందుచున్నారు?
3. మన ఊరి చెరువు హద్దును గూర్చి సంఘముగా మనము ఎప్పుడైన మాటలాడితిమా?

ప్రార్థన: మొదటి తోటను వేసిన తండ్రీ, మాకిచ్చిన నేలకును నీటికిని వందనములు. మేము త్రాగిన తరువాత మిగిలినవారికి తేటనీరు విడుచు హృదయమును మాకు దయచేయుము. చౌకయని నీటి చోటును ఆక్రమించిన మా పాపమును క్షమించుము. నీవు పోషించు పక్షులకు మా చెట్లలో చోటుండునట్లు, మా పొరుగువారికి మా గట్టున మేలు కలుగునట్లు మమ్మును నడిపించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.